ఒకే మనిషి రెండు చోట్ల తగలాలి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. వయసు 28. బ్యాంకు ఉద్యోగం మీద విజయవాడ వచ్చి ఎనిమిది నెలలైంది. మొగల్రాజపురంలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను, రాత్రి తొమ్మిదిన్నరకి గేటు వేసేస్తారు. ఆఫీసులో అందరూ మంచివాళ్లే గానీ షట్టర్ దించాక ఎవరిల్లు వాళ్లది. నాకు తెలుగు కథలు చదవడం ఇష్టం. పదో తరగతి దాకా వీణ నేర్చుకున్నాను. ఫోనుతో పిట్టల ఫొటోలు తీస్తుంటాను. ఇక్కడ ఒక పుస్తకావిష్కరణ సభకి వెళ్లాను, ఒక నెల యోగా క్లాసుకి వెళ్లాను, ఒక ట్రెక్కింగ్ గ్రూపుతో కొండపల్లి కోట ఎక్కాను. అందరూ నవ్వుతూ పలకరించారు, మళ్లీ ఎవరూ కలవలేదు. నేనే ఫోన్ చేస్తే వెంటపడినట్టు ఉంటుందేమోనని బెరుకు. పైగా మూడేళ్లకో బదిలీ. ఈ కాస్త కాలానికి ఇంత శ్రమ దండగేమో?
- ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

మీరు చేసిన మూడు ప్రయత్నాలూ మంచివే, మూడింటికీ తలో లోటు ఉంది. ఆవిష్కరణ సభలో చూసిన మొహం మళ్లీ కనపడే ఏర్పాటు లేదు. యోగాలో అవే మొహాలు రోజూ కనపడ్డాయి గానీ, కళ్లు మూసుకుని ఎవరి ఊపిరి వాళ్లు లెక్కపెట్టుకునే చోట మాటకు సందు దొరకదు. కొండపల్లిలో మాటలు బోలెడు దొర్లి ఉంటాయి, కానీ అలాంటి గ్రూపులకు ప్రతిసారీ కొత్త కొండ, కొత్త జనం. మీ మాటతీరుకు వంక పెట్టాల్సిన పనేమీ లేదు. గంటలు చాలలేదు, అంతే.

గంటలని ఊరికే అనడం లేదు. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు, ఈమధ్యే ఊరు మారినవాళ్లనీ కాలేజీలో కొత్తగా చేరినవాళ్లనీ అడిగి 2018లో ఒక లెక్క ప్రచురించాడు. ముఖపరిచయం మామూలు స్నేహం కావాలంటే కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు ఉండాలి. స్నేహితులమని ధీమాగా చెప్పుకోవడానికి 90, ప్రాణస్నేహానికి 200 పైన. మన దగ్గర పెళ్లి పనుల్లో రెండు రోజులు కలిసి తిరిగి వదినామరదళ్లు అయిపోయేవాళ్లు లేకపోలేదు, కాబట్టి ఈ అంకెల్ని శిలాశాసనంగా తీసుకోనక్కర్లేదు. కానీ అందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది: పక్కపక్కన కూర్చుని ఉద్యోగం చేసిన గంటలు ఆ లెక్కలో పెద్దగా కలిసిరావు. ఎనిమిది నెలలుగా రోజూ చూస్తున్న కొలీగ్స్ ఇంకా కొలీగ్స్‌గానే ఎందుకు మిగిలారో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. వారానికి గంటన్నర క్లాసులో మాత్రమే కలిసే మనిషితో 50 గంటలు పూర్తవడానికి 33 వారాలు పైనే పడుతుంది. అదే మనిషితో క్లాసు అయ్యాక అరగంట టీ దగ్గర నిలబడి, వారాంతంలో వేరే పని మీద ఇంకో గంటన్నర గడిపితే వారానికి మూడున్నర గంటలవుతాయి. అప్పుడు పదిహేను వారాల లోపే 50 దాటుతుంది. తొందరగా అవడం ఒక్కటే లాభం అనుకోవద్దు. క్లాసులో వీణ మీద తడబడే మనిషి చెరువు గట్టు మీద పిట్టల పేర్లు గడగడా చెబుతుంటే, ఆ మనిషి మీకు రెండో వైపు నుంచి కూడా తెలుస్తుంది. మీకు మూడు ఇష్టాలున్నాయి. వాటిని మూడు వేరువేరు గుంపుల్లో పంచేయకండి. ఒకదాంట్లో దొరికిన మనిషిని రెండోదాంట్లోకి పిలవడమే మీ అసలు పని.

ఎక్కడ మొదలుపెట్టాలి? మీరు రాకపోతే ఎవరికో ఒకరికి ఇబ్బంది కలిగే చోట. నూరు కుర్చీల సభలో మీ కుర్చీ ఖాళీగా ఉన్నా ఎవరికీ పట్టదు. షటిల్ డబుల్స్‌లో నాలుగో మనిషి రాకపోతే మిగతా ముగ్గురూ ఫోన్ చేసి మరీ లేపుతారు. "ఏంటండీ, ఇవాళ రాలేదు?" అనే ప్రశ్న ఎక్కడ పుడుతుందో అక్కడే స్నేహాలు పుడతాయి. ఆరుగురి నుంచి పన్నెండుగురి దాకా ఉన్న గుంపు ఇందుకు బాగుంటుంది. అంతకు మించితే అందరూ ప్రేక్షకులైపోతారు.

మీ మూడింటిలో ఆ లక్షణం ఉన్నది సంగీతం. దుర్గాపురంలో ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. మీ బ్యాంకు వేళలకు సరిపడే బ్యాచ్ ఉందో లేదో, ప్రవేశాలు ఎప్పుడో నేరుగా వెళ్లి ఆఫీసులో కనుక్కోండి. అక్కడ కుదరకపోయినా, సత్యనారాయణపురం చుట్టుపక్కల ఇళ్లలో పాఠాలు చెప్పేవాళ్ల ఆచూకీ ఆ గేటు దగ్గరే తెలుస్తుంది. "ఒంటరిగా నేర్పుతారా, గుంపుగానా" అని ముందే అడగండి. ఒంటరి పాఠం చేతికి మంచిది, స్నేహాలకు పనికిరాదు. గుంపు పాఠంలో మీ కంటే చిన్నపిల్లలే ఎక్కువ ఉండొచ్చు, దానికి మొహమాటపడొద్దు. వాళ్లను దింపడానికొచ్చి గంటసేపు అరుగు మీద కూర్చునే తల్లుల్లో మీ ఈడువాళ్లు ఉంటారు.

వీణ ఇంటి దగ్గరే ఉండిపోయి ఉంటే హాస్టల్‌కి తెచ్చుకునే ముందు కాస్త ఆలోచించండి. నాలుగడుగుల పైచిలుకు వాయిద్యం, ఇద్దరుండే గదిలో మంచం కిందా పట్టదు, పైనా పట్టదు. 24 మెట్లూ మైనంలో నిలబెట్టినవి. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే మైనం బీటలిస్తుంది, బెజవాడ మే నెలలో రేకుల గదిలో పెడితే మెత్తబడి మెట్లు జరిగిపోతాయి, శ్రుతి చెడుతుంది. మళ్లీ మేళం కట్టించుకోవాలి, అంటే మైనం మార్చి మెట్లు సరిగ్గా నిలబెట్టించుకోవాలి. వీణలు చేసేవాళ్లు నూజివీడులో ఉన్నారు, బస్సులో వెళ్లి రావొచ్చు. ఆ పని పడినప్పుడు ఒంటరిగా వెళ్లకండి, క్లాసులో ఇంకెవరి వీణకైనా మరమ్మతు ఉందేమో అడిగి జతగా వెళ్లండి. బస్సులో పోనూ రానూ కూర్చున్న గంటలు క్లాసులో రెండు నెలలకు సమానం.

ఇంకో దారి కూడా ఉంది, వాయిద్యం అక్కర్లేనిది. ఏటా పుష్య బహుళ పంచమికి, అంటే జనవరి, ఫిబ్రవరిల్లో, త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. పంచరత్నాలు గోష్ఠిగా పాడతారు. దానికి వారాల ముందు నుంచే సాధనలు మొదలవుతాయి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఐదూ పెద్ద కృతులు, ఎవరికీ ఒక్కసారికి రావు, పుస్తకం చూస్తూ పక్కవాళ్ల గొంతు పట్టుకుని పాడాల్సిందే. పక్క మనిషి మీద ఆధారపడక తప్పని పని కాబట్టే మాటలు సులువుగా కలుస్తాయి. కార్తీకంలోనే వెళ్లి "గోష్ఠిలో వెనక వరసలో కూర్చుని నేర్చుకోవచ్చా" అని అడగండి, కాదనేవాళ్లు అరుదు. వరాళిని గురువు నేరుగా నేర్పితే గురుశిష్యుల మధ్య పొరపొచ్చాలు వస్తాయని పాత నమ్మకం. కాబట్టి "ఆ ఒక్కటీ నువ్వే విని పట్టుకో" అంటే చిన్నబుచ్చుకోకండి.

కథల దగ్గరికొస్తే, బెజవాడ పాఠకులకు అడ్డాల కొరత లేదు. ఏలూరు రోడ్డు మీద విశాలాంధ్ర, ప్రజాశక్తి పుస్తకాల షాపులున్నాయి. గవర్నరుపేటలో ఠాగూర్ గ్రంథాలయం, మాకినేని బసవపున్నయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో 1989 నుంచీ నడుస్తున్న పుస్తక మహోత్సవం ఉంది. ఏళ్ల తరబడి స్వరాజ్య మైదానంలో జరిగేది, ఈమధ్య చోటు మారింది. ఆదివారం వెళితే జనం తోపులాటలో పుస్తకమే కనపడదు. పనిదినాల్లో సాయంత్రం ఐదు, ఆరు మధ్య ఒకే స్టాలుకి రెండు మూడుసార్లు వెళ్లండి. స్టాల్లో కూర్చున్నవాళ్లకి ఊళ్లో కథలు చదివే పదిమంది పేర్లు నోటికి వచ్చి ఉంటాయి.

ఆవిష్కరణ సభలకు వెళ్లడం మానొద్దు, వెళ్లే పద్ధతి మార్చుకోండి. ఆరింటికని కార్డు వేసిన సభ ముఖ్య అతిథి రావడంతో ఏడింటికి మొదలవుతుంది. ఆ గంటే మీది. ఐదూ నలభైఐదుకల్లా వెళ్లి పుస్తకాలు అమ్మే బల్ల దగ్గర నిలబడండి. వేదిక ఎక్కని, మీలా ముందొచ్చిన పాఠకులు అక్కడే తచ్చాడుతుంటారు. ఫోను సంచిలో పెట్టేయండి, మనిషి చేతిలో ఫోను ఉంటే పలకరించేవాళ్లు వెనక్కి తగ్గుతారు. "పుస్తకాలు చదువుతాను" అంటే "ఓహో, మంచి అలవాటు" అని మాట అక్కడితో తెగుతుంది. "సీమ కథలు ఎక్కువ చదువుతాను, మీ కృష్ణా జిల్లా కథల్లో ఏది ముందు చదవాలో చెప్పండి" అనండి. ఎదుటివాళ్లకి చెప్పే పని పడుతుంది, వాదించే వీలూ ఉంటుంది. ఉపన్యాసాలు సగంలో ఉండగా లేచి రావాల్సి వచ్చినా నష్టం లేదు, ఎటూ మీ హాస్టల్ గేటు ఉంది.

అలా ముగ్గురు నలుగురు పరిచయమయ్యాక మీరే ఒక చిన్న కథాగోష్ఠి పెట్టండి. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులకు సెలవు. ఆ రెండు తేదీలూ గట్టిగా పట్టుకోండి. "అందరికీ ఎప్పుడు వీలు" అని గ్రూపులో అడిగారా, నెల గడిచినా తేదీ తేలదు. ఉదయం పదిన్నర నుంచి పన్నెండు. టిఫిన్ హోటల్ వద్దు, చివరి ముద్ద నోట్లో ఉండగానే వెనక మనిషి కుర్చీ పట్టుకుని నిలబడతాడు. లైబ్రరీ రీడింగు రూములో మాట్లాడనివ్వరు. లబ్బీపేట, మొగల్రాజపురం వైపు కాఫీ షాపులు ఆ వేళకి ఖాళీగానే ఉంటాయి, తలో కాఫీ చెబితే గంటన్నర కూర్చోవచ్చు. ఎవరి బిల్లు వాళ్లదని మొదటి రోజే చెప్పేయండి. లేకపోతే "నేనిస్తానంటే నేనిస్తా" అని పెనుగులాట, మూడోసారికి ఇవ్వలేనివాళ్లు రావడం మానేస్తారు.

నవల పెట్టుకోవద్దు. "సగమే చదివానండీ, సారీ" అనే మాట పాఠక బృందాల్ని చంపినంతగా ఇంకేదీ చంపలేదు. పది పేజీల కథ ఒకటి అక్కడికక్కడే పైకి చదవండి, పాతిక నిమిషాలు పడుతుంది, చదివి రాలేదన్న సిగ్గు ఎవరికీ ఉండదు. సీమ కథని మీ యాసలో మీరే చదవండి, ఇక్కడివాళ్లకి అది వేరే కథలా వినపడుతుంది. ఎనిమిదిమందిని పిలిస్తే నలుగురొస్తారు. ముగ్గురే వచ్చినా రద్దు చేయొద్దు. ఒక్కసారి రద్దయితే తర్వాతిసారి అందరూ "ఉందో లేదో" అనుకుని ఆగిపోతారు.

పిట్టల సంగతి. ఫోను కెమెరాతో చెట్టు చివర కూర్చున్న పిట్ట చుక్కలా పడుతుంది కాబట్టి ఎప్పటికైనా 8×42 రకం బైనాక్యులర్స్ కొనుక్కోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పన్నెండు రెట్లు, ఇరవై రెట్లు అని అమ్మేవి చేతిలో వణికి తలనొప్పి తెస్తాయి. ఒకటే కొని చేతులు మార్చుకుంటూ చూడండి, "నాకివ్వండి, అదిగో, ఆ కొమ్మ మీద" అనే నాలుగు మాటల్లో మొహమాటం సగం పోతుంది. పిట్ట కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఉచితం. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో పదిహేను నిమిషాలు కూర్చుని లెక్కపెట్టి పంపినా చాలు.

చూడాల్సిన చోటు గుంటూరు పక్కన ఉప్పలపాడు. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. నడిచి అలిసేది లేదు, గట్టు మీద నిలబడితే రెక్కల చప్పుడు వినపడేంత దగ్గర. చలికాలం మంచిది. తెల్లవారాకైనా, పొద్దు గూకేముందు పక్షులు తిరిగొచ్చే వేళకైనా చేరుకోవాలి. మీకు తెల్లవారుజామే నయం, తొమ్మిదిన్నర గేటు భయం ఉండదు. విజయవాడ నుంచి పోనూ రానూ 80, 90 కిలోమీటర్లు. నలుగురు ఒక కారులో వెళితే ఆరు లీటర్ల పెట్రోలు, తలా నూటడెబ్బై రూపాయల లోపే. ఐదో మనిషిని ఇరికించకండి, వెనక సీట్లో మధ్య కూర్చున్నవాళ్లు మళ్లీ రారు.

ఇక మీ బెరుకు. మూడుసార్లు ఒకేచోట కలిసిన మనిషిని నాలుగోసారి ఇంకోచోటికి పిలవడం వెంటపడటం ఎంతమాత్రం కాదు. పిలుపులో తేదీ, చోటు, ముగిసే వేళ, కాదనడానికి సందు, ఈ నాలుగూ ఉండాలి. "రెండో శనివారం పదిన్నరకి నలుగురం కలిసి కథొకటి చదువుకుంటున్నాం, పన్నెండుకి లేచిపోతాం. వస్తే సంతోషం. ఈసారి కుదరకపోతే నాలుగో శనివారం కూడా ఉంటుంది." ఇంతే రాయండి. "ఎప్పుడైనా కలుద్దాం" అన్నది మన దగ్గర వీడ్కోలు మాట, దానికి ఎవరూ డైరీ తీయరు. రెండుసార్లు పిలిచినా రాలేదంటే మూడోసారి మీరు పిలవక్కర్లేదు, క్లాసులో మాత్రం మామూలుగానే ఉండండి. ఎవరికి ఏది ఇష్టమో తెలియకపోతే మీరు తీసిన పిట్ట ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. "ఇదెక్కడ?" అని అడిగిన మనిషే మీ ఉప్పలపాడు కారులో మూడో సీటు.

కొన్ని ఇబ్బందులు తప్పవు, ముందే చెప్పుకుందాం. "మీ ఇంటిపేరేంటి", "అనంతపురంలో ఎవరి తాలూకు" అని అడుగుతారు. ఏం కనుక్కోవాలనుకుంటున్నారో మీకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. "మా తాలూకా కథలైతే చెబుతా" అని నవ్వి దాటేయండి. అయినా వదలకుండా తవ్వేవాళ్లతో మీ సమయం వృథా. కార్తీక వనభోజనాలు కులాల వారీగా జరిగే ఊళ్లివి. మీ కథల బృందమే తలో డబ్బా తెచ్చుకుని ఏ ఉసిరిచెట్టు కిందో కూర్చుంటే ఆ బెడద ఉండదు. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి అన్న వివరాలు మొదటి రెండు నెలలు చెప్పకండి. గోల్డ్ లోను వడ్డీ ఎంతన్న ప్రశ్న వచ్చాక ఇంక కథలుండవు. చిట్టీలు, పాలసీలు, బరువు తగ్గించే పొడులు అమ్మడానికే గుంపుల్లో చేరేవాళ్లుంటారు. గుంపులో అమ్మకాలు వద్దని ఒక్క నియమం పెట్టండి.

ఆడవాళ్లు కనీసం ఇద్దరు లేని గుంపులో మొదటి నెల చేరొద్దు. ముప్ఫైమంది వాట్సాప్ గ్రూపులో చేరడమంటే ముప్ఫైమందికి నంబరు ఇవ్వడం, కాబట్టి ఒకరిద్దరికే ఇచ్చి ఆగండి. ఉప్పలపాడు వెళ్లేటప్పుడు లైవ్ లొకేషన్ హాస్టల్లో ఒకరికి పెట్టండి. పగలంతా పిట్టల గురించి మాట్లాడి రాత్రి పదిన్నరకి "తిన్నారా" అని మెసేజ్ పెట్టే మనిషికి మర్నాడు పొద్దున గ్రూపులోనే, అందరికీ కలిపి, జవాబివ్వండి. అర్థం చేసుకుంటే మంచిది, చేసుకోకపోతే నంబరు బ్లాక్ చేయడానికి ఆలోచించక్కర్లేదు.

ఒక చోటికి ఆరు వారాలు ఇవ్వండి. ఆరో వారానికి కూడా మీ పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ లేకపోతే మార్చేయండి. అయితే ఏప్రిల్, మే నెలల్లో, దసరా నవరాత్రుల్లో ఏ ఊళ్లో ఎలా ఉన్నా ఇక్కడ మాత్రం మొదలుపెట్టకండి. ఎండకి ఒకసారి, ఇంద్రకీలాద్రి రద్దీకి ఒకసారి జనం ఇల్లు కదలరు. దసరా వెళ్లిన వారం నుంచి శివరాత్రి దాకా మీ ఋతువు.

బదిలీ సంగతి చివరన అడిగారు. మూడేళ్లంటే 150 వారాల పైమాట, ఎనిమిది నెలలు పోగా ఇంకా 120 వారాలు ఉన్నాయి. వారానికి మూడున్నర గంటల చొప్పున 400 గంటలు దాటుతుంది, ఇద్దరు ప్రాణస్నేహితులకు సరిపడా. ఒకటి మాత్రం చూసుకోండి: కథాగోష్ఠి మొత్తం మీ చేతి మీదే నడిస్తే మీరు రైలెక్కిన రోజే ఆగిపోతుంది. ఐదో సమావేశం నుంచే ఈసారి కథ ఎంచేది ఒకరు, మెసేజ్ పెట్టేది ఇంకొకరు అని వంతులు వేసేయండి. మీరు కర్నూలులో ఉన్నా తిరుపతిలో ఉన్నా రెండో శనివారం పదిన్నరకి వీడియో కాల్ ఎత్తడానికి ఇక్కడ ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు.